అనుమతి అడగని అభిమాన పత్రిక

ఒక గాయకుడి పేరు మీద వెలువడే పత్రికలు ప్రధానంగా రెండు రకాలు. గాయకుడి వ్యవహారాలు చూసే కార్యాలయం గాని, అతని రికార్డు కంపెనీ గాని, వారి ఆమోదం పొందిన ప్రచురణకర్త గాని నడిపేది మొదటి రకం. గాయకుడితో ఏ ఒప్పందమూ లేకుండా, పాటలు వినేవాళ్లే చేతి డబ్బు పెట్టి అచ్చువేయించి, తమలాంటి శ్రోతలకే అమ్ముకునేది రెండో రకం. ఇంగ్లండులో షాన్ ఓమహోనీ 1963 ఆగస్టులో ప్రారంభించి 1969 డిసెంబరు దాకా 77 సంచికలు నడిపిన 'ది బీటిల్స్ బుక్' మొదటి రకానికి పేరుమోసిన ఉదాహరణ. బీటిల్స్ బృందం ఆమోదం ఉండడం వల్ల స్టూడియోల్లోకీ, కచేరీల తెరవెనక్కీ ఆ పత్రిక ఫొటోగ్రాఫరుకు ప్రవేశం దొరికింది, అమ్మకాలు ఒక దశలో మూడు లక్షల ప్రతులు దాటాయి. రెండో రకానికి అటువంటి ప్రవేశం ఉండదు, అంత అమ్మకమూ ఉండదు. అయినా ఒక గాయకుడు ఏ రాత్రి ఎక్కడ ఏం పాడాడో, ఏ పాట ఎందుకు రికార్డుకు ఎక్కలేదో తెలుసుకోదలచిన పరిశోధకుడు నేడు మొదట వెతికేది ఈ రెండో రకాన్నే. అభిమాన సంఘం అనగానే కటౌట్లు, పాలాభిషేకాలు, హీరో పుట్టినరోజు ప్రత్యేక సంచికలు గుర్తుకొచ్చే తెలుగు పాఠకుడికి, అభిమానం చిత్రగుప్తుడి చిట్టాలాగా కూడా నడవగలదన్న సంగతి కొంత వింతగా తోచవచ్చు.

ఇంగ్లీషులో ఇటువంటి పత్రికను ఫ్యాన్‌జైన్ అంటారు. ఆ పేరు 1940లో అమెరికాలోని సైన్స్ ఫిక్షన్ కథల అభిమానుల మధ్య పుట్టింది. వస్తువు మాత్రం అంతకు పదేళ్ల ముందునుంచే ఉంది. సంగీతంలోకి ఇది ఆలస్యంగా రావడానికి కారణం ఉత్సాహం లేకపోవడం కాదు, ముద్రణ ఖర్చు. సీసపు అక్షరాలు కూర్చి అచ్చువేసే రోజుల్లో రెండు మూడు వందల ప్రతుల పత్రిక ఎవరికీ గిట్టుబాటు కాదు. ఆ అడ్డును మొదట తొలగించింది మన బడుల్లో పరీక్ష పేపర్లకూ, యూనియన్ ఆఫీసుల్లో కరపత్రాలకూ చిరకాలం వాడిన సైక్లోస్టైల్ యంత్రమే. రిబ్బన్ తీసేసిన టైపుమిషన్‌తో మైనం పూసిన స్టెన్సిల్ కాగితం మీద అక్షరాలు కొడితే, అక్షరం పడిన చోట మైనం చిట్లి సిరాకు దారి ఏర్పడుతుంది. ఆ కాగితాన్ని సిరా నిండిన డ్రమ్ముకు చుట్టి తిప్పితే ప్రతి తిప్పుకూ ఒక పేజీ వస్తుంది. 1959లో జిరాక్స్ 914 యంత్రం రావడంతో ఆఫీసుల్లో ఫొటోకాపీ మొదలైంది. ఆ తరువాత కొన్నేళ్లకు ఆఫీసు యజమానికి తెలియకుండా సాయంత్రం వేళ తీసుకున్న కాపీల మీద ఎన్ని పత్రికలు పుట్టాయో లెక్కకట్టడం అసాధ్యం. 1976 జూలైలో లండన్‌లో మార్క్ పెర్రీ అనే పంతొమ్మిదేళ్ల బ్యాంకు గుమాస్తా పంక్ సంగీతం మీద 'స్నిఫిన్ గ్లూ' అనే పత్రికను టైపుమిషన్‌తో, లావుపాటి స్కెచ్ పెన్నుతో తయారుచేసి ఫొటోకాపీ తీయించి అమ్మాడు. పన్నెండు సంచికల తరువాత దాన్ని తానే ఆపేశాడు గాని, పత్రిక పెట్టడానికి ప్రెస్సు అక్కర్లేదన్న సంగతి అప్పటికే ఊరూరా పాకిపోయింది.

ఒక గాయకుడికే అంకితమైన స్వతంత్ర పత్రిక ఎలా మొదలై ఎలా నిలబడుతుందో, చివరికి ఎందుకు ఆగిపోతుందో మొత్తంగా చూపే చరిత్ర అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ మీద వెలువడిన 'బ్యాక్‌స్ట్రీట్స్' పత్రికది. స్ప్రింగ్‌స్టీన్ తూర్పు తీరంలోని న్యూజెర్సీ రాష్ట్రపు మనిషి. పత్రిక పుట్టింది మాత్రం దేశానికి రెండో అంచున, పసిఫిక్ తీరంలోని సియాటిల్‌లో. ఈ దూరం యాదృచ్ఛికమే కావచ్చు గాని అర్థం లేనిది కాదు: గాయకుడి సొంత ఊళ్లో వార్త నోటిమాటగా తిరుగుతుంది, వార్త చేరని చోటనే దాన్ని అచ్చువేయాల్సిన అవసరం పుడుతుంది. స్థాపకుడు చార్లెస్ ఆర్. క్రాస్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల దినపత్రికకు సంపాదకత్వం వహించినవాడు కావడంతో న్యూస్‌ప్రింటు ధర, పేజీ కట్టే పద్ధతి, ప్రెస్సువాడికి కాపీ అందించాల్సిన గడువు అన్నీ అతనికి ముందే తెలుసు. 1980 అక్టోబరు 17న స్ప్రింగ్‌స్టీన్ జంట ఆల్బం 'ది రివర్' విడుదలైంది. వారం తిరిగి, అక్టోబరు 24న, అతను సియాటిల్‌లో కచేరీ చేశాడు. ఆ రోజు కచేరీకి వచ్చినవాళ్లకు ఉచితంగా పంచిన నాలుగు పేజీల టాబ్లాయిడ్ కాగితమే 'బ్యాక్‌స్ట్రీట్స్' తొలి సంచిక.

ఈ ఆరంభంలో కొత్త పత్రిక పెట్టదలచినవారు గమనించదగ్గ తెలివి ఉంది. పత్రికకు పాఠకుణ్ణి వెతకడం మామూలుగా అన్నిటికంటే ఖరీదైన పని. ప్రకటనలివ్వాలి, దుకాణదారును బతిమాలాలి, అమ్ముడుపోని ప్రతులు వెనక్కి తెచ్చుకోవాలి. కచేరీ గేటు దగ్గర మాత్రం వేలమంది సంభావ్య చందాదారులు ఒకే సాయంత్రం ఒకే చోట, గంటసేపు చేయడానికి వేరే పనేమీ లేకుండా వరుసలో నిలబడి ఉంటారు. టికెట్టు కొన్నారంటేనే ఆసక్తి రుజువైనట్టు. నాలుగు పేజీల్లో చందా వివరం ఉంటే చాలు, మిగతా ప్రచారం ఆ వరుసే చేసుకుంటుంది.

పేరు పెట్టడంలోనూ ఒక పద్ధతి కనిపిస్తుంది. 'బ్యాక్‌స్ట్రీట్స్' అన్నది 1975 నాటి 'బార్న్ టు రన్' ఆల్బంలోని ఒక పాట పేరు. ఆ ఆల్బంలో అందరి నోళ్లలో నానిన పాట అది కాదు, ఆల్బం మొత్తం శ్రద్ధగా విన్నవాళ్లు ప్రాణంగా చూసుకునే పాట. బాబ్ డిలన్ మీద ఇంగ్లండులో 1985లో మొదలైన 'ఐసిస్' కూడా అతని పాట పేరే పెట్టుకుంది. డిలన్ మీదే తరువాత వచ్చిన 'జూడాస్!' పత్రిక, 1966 మే నెలలో మాంచెస్టర్ కచేరీలో ఎలక్ట్రిక్ గిటారు పట్టుకున్నందుకు డిలన్‌ను ద్రోహి అని నిందిస్తూ ఒక ప్రేక్షకుడు వేసిన కేకనే శీర్షికగా చేసుకుంది. గాయకుడి పేరు నేరుగా పెట్టుకుంటే వ్యాపార చిహ్నాల చట్టంతో తగవు రావచ్చన్న జాగ్రత్త ఇందులో కొంత, తెలిసినవాడే తెలుసుకుంటాడన్న గర్వం మరికొంత.

పేరు కుదిరాక పత్రికలో ఏం వేయాలన్నది అసలు ప్రశ్న. పొగడ్తలతో రెండు సంచికలు నింపవచ్చు, మూడోదానికి పాఠకుడు విసుగుచెందుతాడు. ఇటువంటి పత్రికలను పదుల ఏళ్లు బతికించింది సమాచారమే, అందులోనూ సెట్‌లిస్ట్. సెట్‌లిస్ట్ అంటే ఒక కచేరీలో పాడిన పాటల పేర్లు, పాడిన వరుసలోనే రాసిన జాబితా. ప్రతి ఊళ్లోనూ అవే పాటలు అదే వరుసలో పాడే గాయకుడైతే ఈ జాబితాకు విలువ ఉండదు. స్ప్రింగ్‌స్టీన్ కచేరీ మూడు గంటలు దాటి సాగేది, రాత్రికీ రాత్రికీ పాటలు మారేవి, ఎప్పుడో మానేసిన పాట ఉన్నట్టుండి తిరిగి వచ్చేది. తేదీ, ఊరు, ప్రాంగణం పేరు, మొదటి పాట నుంచి చివరి పాట దాకా క్రమం, ఏ పాటను ఆ పర్యటనలో తొలిసారి పాడాడు, ఏ పాటను ఆపకుండా తరువాతి పాటలోకి కలిపేశాడు అన్న గుర్తులు - ఇదంతా కలిపినా పేజీలో ఒక చిన్న పేరా. సంచికలో అటువంటి పేరాలు పదుల సంఖ్యలో ఒకదాని కింద ఒకటి చేరితే బయటివాడికి టెలిఫోన్ డైరెక్టరీలా కనిపిస్తుంది; లోపలివాడు దాన్ని నవలలా చదువుతాడు. ఆ పాటలను చీకట్లో కాగితం మీద గీసుకుని, తెల్లారేలోగా సంపాదకుడికి చేరవేసే శ్రోతలు ఊరూరా ఉండాలి. ఒకే కచేరీకి ఇద్దరు పంపిన జాబితాలు తేడాపడితే మూడోవాణ్ణి అడగాలి. సంపాదకుడి విశ్వసనీయత నిలిచేదీ, పోయేదీ ఇటువంటి చిల్లర విషయాల దగ్గరే.

ఈ శ్రద్ధ ఉత్త చాదస్తం కాదనడానికి ఒక్క ఉదాహరణ చాలు. తన మాజీ మేనేజరుతో వచ్చిన వ్యాజ్యం వల్ల స్ప్రింగ్‌స్టీన్ 1976, 1977 సంవత్సరాల్లో చాలాకాలం స్టూడియోలో అడుగుపెట్టలేకపోయాడు. 1975 తరువాత మళ్లీ ఆల్బం వచ్చింది 1978లో. ఆ విరామంలోనూ, ఆ తరువాతా అతను రాసిన పాటల్లో అనేకం ఏ ఆల్బంలోకీ ఎక్కలేదు. 'ఫైర్' అన్న పాటను పాయింటర్ సిస్టర్స్ పాడగా, 'బికాజ్ ద నైట్' పాటను తన మాటలు కూడా చేర్చి పాటీ స్మిత్ పాడగా అవి ప్రఖ్యాతికెక్కాయి. రచయిత గొంతులో అవి అధికారికంగా అచ్చైన రికార్డు మీదికి వచ్చింది 1986లో, ఐదు ఎల్‌పీల కచేరీ సంపుటిలో. ఆ ఎనిమిదేళ్లూ స్ప్రింగ్‌స్టీన్ పాడగా ఆ పాటలు వినాలంటే కచేరీకి వెళ్లాలి, లేదా బూట్‌లెగ్ సంపాదించాలి. బూట్‌లెగ్ అంటే గాయకుడి అనుమతి లేకుండా కచేరీలోనో, రేడియో ప్రసారం నుంచో, స్టూడియో నుంచి బయటికి పొక్కిన టేపు నుంచో తయారుచేసి అమ్మే రికార్డు. ఇప్పటికే మార్కెట్లో ఉన్న రికార్డుకు తీసిన దొంగ కాపీ వేరు, మార్కెట్లోకి రానిదాన్ని రహస్యంగా అచ్చువేసే బూట్‌లెగ్ వేరు. మూలపడిన పాటల్లోంచి 66 ఎంచి స్ప్రింగ్‌స్టీన్ 1998లో 'ట్రాక్స్' పేరుతో విడుదల చేసేనాటికి, వాటిలో చాలావాటి ఉనికి అభిమాన పత్రికల జాబితాలు చదివేవాళ్లకు ఏళ్ల క్రితమే తెలుసు. కంపెనీకి అమ్ముడయ్యేదే చరిత్ర. అమ్ముడు కానిదాన్ని కూడా తేదీవేసి భద్రపరిచే పని ఎవరూ జీతం ఇవ్వని మనుషుల మీద పడింది.

బూట్‌లెగ్‌ల విషయంలో ఇటువంటి పత్రికల వైఖరి ఎప్పుడూ కొంత కత్తిమీద సామే. ఏ బూట్‌లెగ్‌లో ఏ రాత్రి కచేరీ ఉంది, ధ్వని ఎలా ఉంది, అట్ట మీద రాసిన తేదీ నిజమా కాదా అని సమీక్షించడం ఒక పని. దాన్ని అమ్మడం, అమ్మేవాడి ప్రకటన వేసి డబ్బు తీసుకోవడం వేరే పని. మొదటిది సమాచారం, రెండోది చట్టం దృష్టిలో నేరానికి తోడ్పాటు. టేపుకు టేపు మార్పిడి తప్ప డబ్బు ముట్టకూడదన్న నియమం టేపులు సేకరించేవాళ్ల మధ్య బలంగా ఉండేది. ఆ గీత స్పష్టంగా గీసుకున్న పత్రికలు నిలబడ్డాయి.

సమాచారం చేతికొచ్చాక దాన్ని పత్రికగా మార్చే పనిలో ఆవేశానికి చోటు లేదు, లెక్క ఉంది. మధ్యకు మడిచి, మడత మీద పిన్ను కొట్టి కట్టే చిన్న పత్రికలో పేజీల సంఖ్య ఎప్పుడూ నాలుగుతో భాగింపబడాలి, ఎందుకంటే ఒక కాగితాన్ని మధ్యకు మడిస్తే వచ్చేవి నాలుగు పేజీలు. పదహారు పేజీల సంచికకు నాలుగు కాగితాలు పడతాయి. అన్నిటికంటే బయటి కాగితానికి ఒకవైపు 16వ పేజీ, 1వ పేజీ పక్కపక్కన ఉంటాయి, వెనకవైపు 2, 15 ఉంటాయి. అన్నిటికంటే లోపలి కాగితం మీద ఒకవైపు 8, 9 ఎదురెదురుగా, వెనకవైపు 10, 7 వస్తాయి. ఏ వైపు చూసినా రెండు పేజీల అంకెలు కూడితే 17 రావాలి, రాకపోతే ఎక్కడో పొరపాటు జరిగినట్టే. ఈ అమరికను అచ్చు పనివాళ్లు ఇంపోజిషన్ అంటారు. కొత్తగా పత్రిక వేసేవాళ్లు ఖాళీ కాగితాలను మడిచి, అంకెలు వేసి, విప్పి చూసుకునే నమూనా పుస్తకం ఒకటి తయారుచేసుకుంటే ఈ గందరగోళం తీరుతుంది. పదిహేడు పేజీలకు సరిపడా వ్యాసాలు ఉన్న సంపాదకుడు ఒక పేజీ కోసుకోవాలి, లేదా మరో మూడు పేజీలకు సరుకు వెతుక్కోవాలి. పాఠకుల ఉత్తరాల శీర్షిక సాగడానికీ కుదించుకుపోవడానికీ వెనకున్న రహస్యం చాలాసార్లు ఇదే.

కంప్యూటరుతో పేజీ కట్టే రోజులు రాకముందు, అంటే 1980ల చివరి దాకా, ఒక్కొక్క పేజీని అట్ట మీద చేత్తో అతికించేవారు. టైపుమిషన్‌తోనో ఫొటో టైప్‌సెట్టింగ్ యంత్రంతోనో వచ్చిన కాలమ్‌లను కత్తెరతో కత్తిరించి, వెనక మైనం గాని జిగురు గాని పూసి, లేత నీలి పెన్సిల్‌తో గీసిన గీతల వెంట అమర్చేవారు. ఆ నీలిరంగును అచ్చు కెమెరా పట్టుకోదు గనుక గీతలు చెరపనక్కర్లేదు. పెద్ద శీర్షికలకు లెట్రాసెట్ వాడేవారు. పారదర్శకమైన పలుచని షీటు మీద అచ్చైన అక్షరాన్ని కాగితం మీద పెట్టి పైన రుద్దితే అది కాగితానికి అంటుకుంటుంది. షీటులో ఎక్కువగా వాడే అక్షరాలు ముందు అయిపోతాయి గనుక ఏ షీటు చివర చూసినా అరుదైన అక్షరాలే మిగిలి ఉంటాయి, దాంతో ఒక అక్షరాన్ని కోసి మరో అక్షరంగా చేసే విద్య ఈ పత్రికలవాళ్లందరికీ పట్టుబడింది. ఫొటోలది మరో తంటా. కచేరీలో తీసిన ఫొటోలో సగం చీకటి, సగం లైట్ల కాంతి. దాన్ని నేరుగా ఫొటోకాపీ తీస్తే ముఖం తెల్లమచ్చగా, మిగతాదంతా నల్లముద్దగా వస్తుంది. ముందుగా ఫొటోను చుక్కల తెర గుండా మళ్లీ తీయిస్తే, నలుపు దట్టమైన చోట పెద్ద చుక్కలు, పలుచనైన చోట చిన్న చుక్కలు పడి, కంటికి బూడిదరంగు ఛాయలు కనిపిస్తాయి. దీన్నే హాఫ్‌టోన్ అంటారు. ఒక్కొక్క హాఫ్‌టోనుకూ వేరే డబ్బు కట్టాల్సి రావడం వల్ల తొలి సంచికల్లో ఫొటోలు తక్కువ, బొమ్మగీతలు ఎక్కువ కనిపిస్తాయి.

ఎన్ని ప్రతులు వేయాలన్నదాన్ని బట్టి యంత్రం మారుతుంది. ఫొటోకాపీలో మొదటి ప్రతికీ వందో ప్రతికీ ఒకే ఖర్చు. ఆఫ్‌సెట్‌లో ప్లేటు తయారీకి, యంత్రం సిద్ధం చేయడానికి ముందే డబ్బు పెట్టాలి, అటుపైన ప్రతి కాపీకీ పడేది కాగితం ధర, కొంచెం సిరా. అందుకే వందల్లో ఉన్నంతకాలం ఫొటోకాపీ, వేలల్లోకి వెళ్లాక ఆఫ్‌సెట్ లాభసాటి. ఈ రెండింటి నడుమ చిక్కుకున్న పత్రికలే ఎక్కువగా చచ్చిపోయాయి, ఎందుకంటే ఫొటోకాపీకి ప్రతులు ఎక్కువ, ఆఫ్‌సెట్‌కు తక్కువ.

డబ్బు లెక్కలో అన్నిటికంటే మోసపూరితమైనది చందా. నాలుగు సంచికలకు ముందుగా కట్టిన చందా సంపాదకుడి చేతికి వచ్చిన క్షణాన ఆదాయంలా కనిపిస్తుంది. నిజానికి అది అప్పు, ఇంకా రాయని, అచ్చువేయని, తపాలాలో వేయని నాలుగు సంచికల బాకీ. మొదటి సంచికను ఘనంగా వేయడానికి మొత్తం చందా ఖర్చుపెట్టేసిన పత్రిక మూడో సంచిక దగ్గర చేతులెత్తేస్తుంది, అభిమానుల తిట్లు పడేది మాత్రం గాయకుడి పేరుకూ కలిపి. తపాలా ఖర్చు బరువును బట్టి మెట్లు మెట్లుగా పెరుగుతుంది గనుక రెండు కాగితాలు ఎక్కువ చేర్చినందుకు కవరు పై మెట్టుకు ఎక్కి, లాభం మొత్తం స్టాంపుల పాలు కావచ్చు. విదేశీ పాఠకుల దగ్గర్నుంచి డబ్బు రాబట్టడం ఇంకో అవస్థ. చిన్న మొత్తానికి బ్యాంకు డ్రాఫ్టు తీయిస్తే బ్యాంకు రుసుమే చందాను మించుతుంది, అందువల్ల కార్బన్ పేపర్లో చుట్టిన కరెన్సీ నోట్లు కవర్లలో ప్రయాణం చేసేవి. 'బ్యాక్‌స్ట్రీట్స్' ఈ గండాలు దాటి రంగుల అట్టతో, అంతర్జాతీయ చందాదారులతో మూడునెలల పత్రికగా స్థిరపడడానికి 1984 నాటి 'బార్న్ ఇన్ ద యు.ఎస్.ఎ.' ఆల్బం తెచ్చిన జనాదరణ ఎంత కారణమో, క్రాస్‌కు పత్రికా వృత్తి తెలిసి ఉండడమూ అంతే కారణం. అతను 1986 నుంచి సియాటిల్ సంగీత పత్రిక 'ది రాకెట్'కు కూడా సంపాదకుడిగా పనిచేశాడు. తరువాత కర్ట్ కొబేన్, జిమి హెండ్రిక్స్ జీవితచరిత్రలు రాసి పేరుపొందాడు. 1990ల చివర్లో 'బ్యాక్‌స్ట్రీట్స్' బాధ్యత క్రిస్టఫర్ ఫిలిప్స్ చేతికి వచ్చింది.

చట్టం సంగతి క్లుప్తంగానే చెప్పవచ్చు. ఒక కచేరీలో ఏ పాటలు పాడారన్నది వాస్తవం, వాస్తవానికి కాపీహక్కు ఉండదు. పాట సాహిత్యానికి ఉంటుంది, కాబట్టి ఎంత ఇష్టమైన పాటనైనా మొత్తంగా అచ్చువేయకూడదు. ఫొటో హక్కు సాధారణంగా దానిలో ఉన్న గాయకుడిది కాదు, తీసినవాడిది. గాయకుడి పేరునో గుర్తునో అధికారిక పత్రిక అనిపించేలా వాడితే వ్యాపార చిహ్నాల చట్టం అడ్డుతగులుతుంది, అందుకే దాదాపు ప్రతి స్వతంత్ర పత్రికలోనూ గాయకుడితో సంబంధం లేదన్న ప్రకటన ఒక మూల ఉంటుంది. ఈ సంగతులు పుస్తకాల్లోనే ఉండిపోవు: తన పేరును ఉచ్చరించలేని చిహ్నంగా మార్చుకున్న ప్రిన్స్, స్వీడన్ నుంచి 1991లో మొదలైన 'అప్‌టౌన్' అనే తన అభిమానుల పత్రిక మీద 1999లో దావా వేశాడు. వ్యవహారం రాజీతో ముగిసింది గాని, తన మీద శ్రద్ధగా రాసే పత్రికనే గాయకుడు కోర్టుకు లాగడం అన్ని దేశాల అభిమాన సంపాదకులనూ ఉలిక్కిపడేలా చేసింది.

గాయకుడి కోపం కంటే పత్రికకు కష్టమైనది అతని మౌనం. ఇంగ్లండు గాయని కేట్ బుష్ 1979 తరువాత 35 ఏళ్లపాటు కచేరీ పర్యటన చేయలేదు, 1993 నాటి 'ద రెడ్ షూస్' ఆల్బం తరువాత 2005లో 'ఏరియల్' వచ్చేదాకా పన్నెండేళ్లు కొత్త ఆల్బం ఇవ్వలేదు. 1982లో ముగ్గురు అభిమానులు ఫొటోకాపీతో మొదలుపెట్టిన 'హోంగ్రౌండ్' ఆ పన్నెండేళ్లనూ దాటి బతికింది. సెట్‌లిస్ట్ లేదు, పర్యటన లేదు, కొత్త రికార్డు లేదు. అటువంటప్పుడు పాత పాటల మీద వ్యాసాలు, ఇతర గాయకుల మీద ఆమె ప్రభావం, పాఠకుల కథలు, బొమ్మలు, వాదోపవాదాలే పత్రిక. వార్త లేని చోట పాఠకులే వార్త అయ్యారు. గాయని మీద మొదలైన పత్రిక క్రమేణా ఆమెను ప్రేమించే మనుషుల పత్రికగా మారిందంటే తప్పు కాదు, బహుశా ఇటువంటి పత్రికలన్నిటి సహజగమ్యం అదే.

దీనికి వ్యతిరేకమైన ప్రమాదం కూడా ఉంది: గాయకుడి ఆఫీసు పిలిచి కుర్చీ వేయడం. డిలన్ మీద 1981లో 'ది టెలిగ్రాఫ్' ప్రారంభించిన జాన్ బాల్డీ ఎంత లోతుగా పరిశోధించాడంటే, ఏళ్లుగా బూట్‌లెగ్‌లలో తిరుగుతున్న డిలన్ పాటలను 1991లో కంపెనీ తనే మూడు సంపుటాలుగా విడుదల చేసినప్పుడు వాటి వివరణ పుస్తకం రాసే పని అతనికే అప్పగించింది. 1996 అక్టోబరులో ఫుట్‌బాల్ మ్యాచ్ నుంచి తిరిగివస్తూ హెలికాప్టరు ప్రమాదంలో బాల్డీ మరణించాడు, పత్రిక కూడా అతనితోనే ముగిసింది. గుర్తింపు దొరకడం పాండిత్యానికి న్యాయమే. అయితే అటువంటి గుర్తింపు కోసం కాచుకుని కూర్చున్న సంపాదకుడు మరుసటి ఆల్బం నాసిగా ఉన్నప్పుడు ఆ మాట రాయగలడా అన్నది వేరే ప్రశ్న. స్వతంత్ర పత్రికకు ఉన్న ఆస్తి ఒక్కటే, తనకు చందాదారు తప్ప వేరే యజమాని లేకపోవడం.

ఆ ఆస్తి విలువ 'బ్యాక్‌స్ట్రీట్స్' చివరి ఘట్టంలో తేటపడింది. అచ్చు పత్రిక ఆగి ఇంటర్నెట్‌లో వార్తలుగా కొనసాగుతున్న రోజుల్లో కూడా అది పాఠకుల మధ్య టికెట్ల మార్పిడి నడిపేది. కచేరీకి వెళ్లలేని అభిమాని తన టికెట్టును మరో అభిమానికి దాని మీద అచ్చైన ధరకే ఇవ్వాలి, ఒక్క డాలరు ఎక్కువ అడగకూడదన్నది అక్కడి నియమం. బ్లాకులో టికెట్ల దందాకు ఇది అభిమానులు కట్టుకున్న గట్టు. 2022 జూలైలో, స్ప్రింగ్‌స్టీన్ చేయబోయే అమెరికా పర్యటనకు టికెట్ల అమ్మకం మొదలైంది. టికెట్‌మాస్టర్ సంస్థ డైనమిక్ ప్రైసింగ్ అనే పద్ధతిని, అంటే గిరాకీ పెరిగినకొద్దీ ధర తనంతట తానే పెరిగే విధానాన్ని, కొన్ని సీట్లకు అమలు చేయడంతో కొన్ని టికెట్ల ధర నాలుగైదు వేల డాలర్లకు చేరింది. ఆ విధంగా అమ్మినవి మొత్తంలో 11.8 శాతమేననీ, సగటు ధర 262 డాలర్లనీ సంస్థ వివరణ ఇచ్చింది. గాయకుడి పక్షం కూడా ఆ పద్ధతిని సమర్థించుకుంది. అభిమానులు బ్లాకు మార్కెట్టుగా భావించి నలభై ఏళ్లు దూరంగా పెట్టినదే ఇప్పుడు బుకింగ్ కౌంటరులో కూర్చుంది. పత్రిక ఆ నెలలోనే తీవ్రంగా విమర్శించింది. 2023 ఫిబ్రవరి 1న ఫ్లోరిడాలోని టాంపాలో పర్యటన ఆరంభమైంది. రెండు రోజులకు, ఫిబ్రవరి 3న, నిర్వహణ ముగిస్తున్నట్టు ఫిలిప్స్ ప్రకటించాడు. గాయకుడి మీద ద్వేషంతో కాదని, పాఠకుల్లో చాలామంది ధరకు బయటే నిలబడిపోయిన పర్యటనను మునుపటి ఉత్సాహంతో రాయడం తమకు సాధ్యం కావడం లేదని ఆ ప్రకటన సారాంశం. అధికారిక పత్రికకు ఇటువంటి ముగింపు ఊహకు కూడా అందదు. దానికి ఆగే స్వేచ్ఛ లేదు.

పత్రిక ఆగినా అది పోగుచేసినది ఆగలేదు. 2001లో 'బ్యాక్‌స్ట్రీట్స్' చొరవతో అభిమానులు తమ దగ్గరున్న పుస్తకాలు, పత్రికా వ్యాసాలు, కచేరీ జ్ఞాపికలు, ప్రచార సామగ్రి సేకరించి, స్ప్రింగ్‌స్టీన్ గాయకుడిగా ఎదిగిన ఆస్బరీ పార్కు ప్రజా గ్రంథాలయానికి అప్పగించారు. చిన్న ఊరి గ్రంథాలయంలో చోటు చాలక ఆ సేకరణ 2011లో సమీపంలోని మన్మత్ విశ్వవిద్యాలయానికి తరలింది. 2017లో ఆ విశ్వవిద్యాలయాన్నే స్ప్రింగ్‌స్టీన్ తన రాతప్రతులకూ, ఫొటోలకూ, స్మృతిచిహ్నాలకూ అధికారిక భాండాగారంగా ఎంచుకున్నాడు. అంటే గాయకుడి కాగితాలు ఆ అల్మరాల్లోకి చేరడానికి పదహారేళ్ల ముందే అభిమానుల కాగితాలు తమ అల్మరాను సంపాదించుకున్నాయి.